చందా బకాయి ఉన్న విశ్వాసిని

దేవుణ్ణి నమ్ముతూనే సంఘాన్ని నమ్మలేకపోయేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పైకి చెప్పరు, అంతే. చెబితే "ఆమె చల్లారిపోయిందమ్మా, ప్రార్థన చెయ్యండి" అని మరుసటి ఆదివారానికల్లా ఊరంతా తెలుస్తుంది. నేను కొంతకాలం అలా చల్లారిపోయినావిడ లెక్కలో ఉన్నాను. ఏం జరిగిందో, ఎలా నిలబడ్డానో రాస్తున్నాను. ఊరి పేరు, సంఘం పేరు రాయను. గుంటూరుకీ ఒంగోలుకీ మధ్యలో ఎక్కడో అనుకోండి. పాత మిషన్ సంఘం. మా తాతయ్య దగ్గర్నుంచీ అందరి పేర్లూ ఆ బాప్తిస్మం రిజిస్టర్లోనే ఉన్నాయి.

గొడవ ఆస్తి దగ్గర మొదలైంది. మిషన్ సంఘాల్లో ఏ గొడవైనా చివరికి అక్కడికే చేరుతుంది లెండి. మిషనరీ దొరలు వెళ్లిపోతూ వదిలిన కాంపౌండ్లు ఇప్పుడు ఊరి నడిబొడ్డున ఉన్నాయి, గజం ధర వింటే కళ్లు తిరుగుతాయి. మా కాంపౌండ్ రోడ్డు వైపు భాగాన్ని షాపులకు లీజుకిచ్చారు. ఎవరికిచ్చారు, ఎంతకిచ్చారు, అడ్వాన్సు ఎక్కడుంది అని అడిగినవాళ్లు ఒక వర్గమైపోయారు, అడగొద్దన్నవాళ్లు ఇంకో వర్గం. కమిటీ ఎన్నికలొచ్చేసరికి రెండు ప్యానెళ్లు, ఫ్లెక్సీలు, రాత్రిళ్లు బిర్యానీలు. ప్యానెళ్లు ఏ లెక్కన విడిపోయాయో విడిగా చెప్పాలా? ఒకే గిన్నెలో సంస్కారం (ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం) తీసుకునేవాళ్లం, ఓటు దగ్గరికొచ్చేసరికి ఎవరి పేట వాళ్లదే. ఓడినవాళ్లు కోర్టుకెళ్లారు. గేటుకు ఒకళ్లు వేసిన తాళం మీద ఇంకొకళ్లు తాళం వేశారు. క్రిస్మస్ ఆరాధన పోలీసు పికెట్ మధ్య జరిగింది. కానిస్టేబుల్ కుర్రాడొకడు మా కేకు తింటూ "మీలో కూడా ఇన్ని ఉంటాయా మేడమ్?" అన్నాడు. నేనేం చెప్తాను.

అయినా అప్పటికి నేను వెళ్తూనే ఉన్నాను. మనుషులున్న చోట ఇవన్నీ ఉంటాయిలే అనుకున్నాను. విరిగింది మాత్రం అమ్మ పోయినప్పుడు.

సమాధుల తోటలో చోటుకి సంఘం నుంచి చీటీ కావాలి. తమ్ముడు తెల్లవారగానే వెళ్లాడు. కోశాధికారి చందా పుస్తకం తీశాడు. పొడుగాటి రిజిస్టరు, మూలలు నలిగిపోయి, కుటుంబానికొక పేజీ. అమ్మ పేరు దగ్గర ఆసుపత్రిలో ఉన్న నెలలన్నీ ఖాళీ గళ్లు. ఎర్ర సిరాతో ఆ గళ్లన్నీ కలిపి ఒక గీత గీసి, కింద మొత్తం వేసి, "ఇది కట్టేస్తే చీటీ రాసేస్తా, రూలు అందరికీ ఒకటే" అన్నాడట. తమ్ముడు కట్టేశాడు. పెద్ద మొత్తమేమీ కాదు. రశీదు కూడా ఇచ్చారు. స్త్రీల సమాజంలో పాతికేళ్ల పైన చీపురు పట్టినావిడకి, ప్రతి పంట పండుగకీ మొదటి గుమ్మడికాయ తెచ్చినావిడకి, ఆఖరున సంఘం ఇచ్చిన కాగితం అది. భూస్థాపన ఆరాధనలో పాస్టరు అయ్యగారు బాగానే మాట్లాడారు. నాకొక్క ముక్క చెవికెక్కలేదు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి మానేశాను.

మానేస్తే మొదట హాయిగా ఉంటుంది, దాచుకోవడం ఎందుకు. పదింటికి గంట మోగుతుంటే నేను ఇడ్లీ పిండి రుబ్బుకుంటూ ఉండేదాన్ని. కానీ దేవుడి మీద కూడా కోపమొచ్చింది. నీ పేరు మీద ఇంత జరుగుతుంటే నీకేం పట్టదా అని. ఆ కోపాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియక వేరే చోట్ల వెతికాను.

మా ఊళ్లో ఫంక్షన్ హాల్లో జరిగే ఒక పెద్ద పరిచర్యకి కొలీగ్ తీసుకెళ్లింది. జనం విపరీతంగా ఉన్నారు. పాటలు బాగున్నాయి, మా గుళ్లో కీబోర్డు వాయించే పిల్లాడు అక్కడే కనిపించాడు. ప్రసంగం మధ్యలో స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్ వేశారు, చివర్లో ప్రార్థన నూనె సీసాలకి లైను. లెక్కలు చెప్పని కమిటీ మీద అలిగి, అసలు కమిటీయే లేని చోటికి ఎందుకొచ్చానా అనిపించింది. కానీ ఒకమాట చెప్పాలి. ఆ లైనులో నిలబడ్డవాళ్లని చూసి నవ్వబుద్ధి కాలేదు. బిడ్డకి ఫిట్సు వస్తుంటే సీసా పట్టుకుని ఏడ్చే తల్లి దగ్గర మనం వాదించడానికేముంది?

తర్వాత ఒక సహవాసానికి వెళ్లాను. చాపల మీద కూర్చోవడం, ఎవరైనా లేచి ప్రార్థన చెయ్యగలగడం, ఆరాధనయ్యాక అందరూ కలిసి ప్రేమవిందు తినడం. భక్త్‌సింగ్‌గారు హైదరాబాద్‌లోని హెబ్రోను మందిరం నుంచి నేర్పిన ఈ పద్ధతి మన రాష్ట్రాల్లో ఎంతగా పాకిందో అందరికీ తెలిసిందే. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టినాయన కెనడాలో ప్రభువుని తెలుసుకుని, తిరిగొచ్చి, ఇలా నేల మీద కూర్చోబెట్టాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నేను వెళ్లిన చోట నిశ్శబ్దం బాగా నచ్చింది. అక్కడివాళ్లు మంచివాళ్లు. అయితే నగలు తియ్యాలి, తెల్లచీర కట్టాలి, మా గుళ్లో పొందిన చిన్నప్పటి బాప్తిస్మం లెక్కలోకి రాదు, మళ్లీ మునగాలి అన్నారు. అమ్మ నన్ను చంకనేసుకుని తీసుకెళ్లి చేయించిన బాప్తిస్మాన్ని కొట్టేసుకోవడానికి మనసొప్పలేదు. వందనాలు చెప్పి వచ్చేశాను.

ఇంట్లో అమ్మ సామాను సర్దుతుంటే ఆమె ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోతే క్యాలెండరు కాగితం అంటించుకుంది. ఒక్కో కీర్తన పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి కదా, అమ్మకి అవేమీ చదవడం రాదు, కానీ ఆ రాగం తప్పేది కాదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనల దగ్గర పేజీలు నూనె చేతుల మరకలతో పారదర్శకంగా అయిపోయాయి. రాత్రిపూట ఒక్కదాన్నే ఒక కీర్తన పాడి, బైబిల్లో ఒక కీర్తన చదవడం మొదలుపెట్టాను. ప్రార్థన మాత్రం చేసేదాన్ని కాదు. మాటలు వచ్చేవి కావు.

యాభై అయిదో కీర్తన దగ్గర ఆగిపోయాను. అంతకుముందు ఎన్నిసార్లు చదివి ఉంటానో. నన్ను దూషించింది శత్రువైతే ఓర్చుకునేవాణ్ణి, కానీ అది నువ్వు, నా చెలికాడివి, మనం కలిసి దేవుని మందిరానికి వెళ్లినవాళ్లమే అని దావీదు ఏడుస్తాడు. నా ఏడుపు కూడా సరిగ్గా అదే. దాన్ని ప్రార్థన పుస్తకంలోనే పెట్టారంటే, ఈ ఏడుపు విశ్వాసానికి బయట ఉన్నది కాదన్నమాట. ఆ తర్వాత వెతుక్కుని చదివాను. ఎనభై ఎనిమిదో కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో ఒక్క స్తోత్రం కూడా ఉండదు. హబక్కూకు ప్రవక్త ఎన్నాళ్లు మొరపెట్టాలి అని నిలదీస్తాడు. యెహెజ్కేలు ముప్ఫై నాలుగైతే మందను వదిలేసి తమ కడుపు నింపుకునే కాపరుల మీద విరుచుకుపడుతుంది, కోర్టు కాగితాల్లో కూడా అంత గట్టిగా ఉండదు. ఇవి మా గుళ్లో ఎప్పుడూ ప్రసంగించగా నేను వినలేదు. ఎందుకు వినలేదో మీరే ఊహించుకోండి.

ఏలీయా ప్రవక్త సంగతి ఇంకా నచ్చింది. బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతానంటే, దేవుడు ప్రసంగం చెయ్యలేదు. అప్పం, నీళ్లు పెట్టించి పడుకోనిచ్చాడు. నేనొక్కణ్ణే మిగిలానని ఆయన వాదిస్తే, ఏడు వేలమంది ఉన్నారులే అన్నాడు, అదీ తాపీగా. ఆ ఏడు వేలమంది ఎవరో ఏలీయాకి తెలియదు. కమిటీల్లో మాత్రం ఉండి ఉండరు.

అదే రోజుల్లో మా అమ్మమ్మగారి ఒంగోలు వైపు చరిత్ర కూడా చదివాను. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకి తీసుకుని మాదిగపల్లెల వాళ్లకి కూలి ఇప్పించాడు. కరువున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తీరాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మాలిచ్చింది మన తెలుగు బోధకులే, ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున. అంతకుముందే, ఒంగోల్లో మిషన్ కుదురుకోకముందే, ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన తోళ్ల వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లినప్పుడు సువార్త విని, ఇంటికొచ్చి తనకు తోచినట్టు ప్రార్థించుకుంటూ కూర్చున్నాడు. గుడి లేదు, కమిటీ లేదు, చందా పుస్తకం లేదు. ఇది చదివాక నాకు కొంచెం ధైర్యమొచ్చింది. సంఘం ఆ మనుషులది. కోశాధికారి అల్మరా తాళం వాళ్ల తర్వాత చాలాకాలానికి వచ్చింది.

ఇంత చదువుకున్నా గుడి వైపు అడుగు పడలేదు. పడేలా చేసింది మా పేటలోని రిటైరైన బైబిల్ ఉమన్, అంటే ఇళ్లకెళ్లి ఆడవాళ్లకి వాక్యం చెప్పే సంఘ సేవకురాలు. నేను అత్తయ్యా అంటాను, వరసకి కాదు, అలవాటుకి. ఒకరోజు గుమ్మంలో నిలబడే అడిగింది.

"ఏమే అమ్మాయ్, గుడికి రావట్లేదంటగా?"

"ఎట్లా రమ్మంటావు అత్తయ్యా? అమ్మ శవం ఇంట్లో ఉంటే బకాయి రాసిచ్చిన చోటికి?"

ఏదో వాక్యం చెప్పి సముదాయిస్తుందనుకున్నాను. కుర్చీలో కూలబడి, "నా పింఛను మూడేళ్లు తొక్కిపెట్టారే వాళ్లు. వాళ్ల మొహం చూసి నేనెప్పుడు వెళ్లానని?" అంది. కాసేపాగి, "గురువారం మా ఇంట్లో ప్రార్థన. కాఫీ కలిపేవాళ్లు లేరు, వచ్చి కలిపిపెట్టు. పాడకపోయినా పర్లేదు," అంది.

వెళ్లి కాఫీ కలిపాను. పదిమంది లోపే ఆడవాళ్లు. ఒకామె కొడుకు తాగుడు గురించి, ఇంకొకామె డ్వాక్రా వాయిదా గురించి, మరొకామె కోడలికి కాన్పు కష్టమవుతుందన్నారని ప్రార్థన అడిగారు. లీజు ఊసు ఎవరూ ఎత్తలేదు. కాన్పు రోజు వాళ్లలో నలుగురు ఆసుపత్రిలో ఉన్నారు, ఒకళ్లు రక్తం ఇచ్చారు. అప్పట్నుంచి గురువారాలు వదల్లేదు. చాలా నెలల తర్వాత ఒక ఆదివారం కాళ్లు వాటంతటవే గుడికి నడిచాయి, వెనక బెంచీలో కూర్చున్నాను. సంస్కారం తీసుకున్నాను. కోశాధికారి నాకు రెండు వరసల ముందు మోకరించి ఉన్నాడు. క్షమించేశానని రాయను. ఆయన ఉన్న చోటే మోకరించగలిగాను, ప్రస్తుతానికి అంతే.

కొన్ని షరతులు నేనే పెట్టుకున్నాను. కానుక పెట్టెలో వెయ్యడం మానేశాను. దశమభాగంతో, అంటే దేవుడికిచ్చే సంపాదనలో పదోవంతుతో, ఒక అమ్మాయి నర్సింగ్ ఫీజు నేరుగా కాలేజీకే కడుతున్నాను, రశీదు ఆ పిల్ల పేరు మీదే. ఇది వాక్యానుసారం కాదని అయ్యగారు అన్నారు. లెక్కలు చూపించిన రోజు మళ్లీ పెట్టెలో వేస్తానన్నాను. కమిటీకి నిలబడమని రెండు ప్యానెళ్ల వాళ్లూ వచ్చారు, ఇద్దరికీ టీ ఇచ్చి పంపించాను. చందా మాత్రం కట్టడం లేదు, నా పేజీలో ఖాళీ గళ్లు పెరుగుతూనే ఉన్నాయి. రేపు నేను పోతే ఏంటని తమ్ముడు బెంగపడుతున్నాడు. మున్సిపాలిటీ స్మశానం ఉందిగా అన్నాను. పునరుత్థానానికి చీటీ అడగరు కదా.

ఊరికే అలిగి కూర్చోవడమూ నాకు చేతకాదు. మాది సొసైటీగా రిజిస్టరైన సంఘం. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏటా ఆడిట్ లెక్కలు సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి. లాయరు చదివిన మేనల్లుడు చెప్పాకే నాకూ తెలిసింది. గురువారం ఆడవాళ్లం కొందరం కలిసి లీజు కాగితం నకలు, ఆడిట్ రిపోర్టు అడుగుతూ ఉత్తరం రాసి, సంతకాలు పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. జవాబుగా అరఠావు కాగితం వచ్చింది. రాబడి, ఖర్చు, నిల్వ, మూడే మూడు అంకెలు. మళ్లీ రాశాం. ఈసారి సమాధుల తోటలో చోటుకీ చందాకీ ముడి తెంచాలన్న తీర్మానం కూడా జోడించాం. దానికి ఎదుటి వర్గంలోని ఆడవాళ్లు కూడా సంతకాలు పెట్టారు. వాళ్ల ఇళ్లలోనూ ముసలివాళ్లున్నారు.

మా అమ్మాయి మాత్రం ఇంకా రావడం లేదు. "నీకు అమ్మమ్మ పుస్తకం ఉంది, నాకేం గుర్తుంది మమ్మీ? రెండు తాళాలే గుర్తున్నాయి," అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. బలవంతపెట్టడం లేదు. రాత్రి నేను పాడుతుంటే ఫోను సౌండు తగ్గిస్తుంది, అంతవరకే.

సర్వసభ్య సమావేశం వచ్చే నెల. అజెండాలో మా తీర్మానాన్ని ఆఖరున, భోజనాల ముందు పెట్టారు, అప్పటికి జనం లేచిపోతారని వాళ్ల లెక్క. చందా బకాయి ఉన్నవాళ్లకి ఓటు లేదని నోటీసు కూడా అంటించారు. అత్తయ్య బకాయి లేదు, చదివేది ఆవిడే. అక్షరాలు పెద్దవిగా ప్రింటు తీయించమంది.