మిల్లు మేనేజరుగా నన్ను నేను తెలుసుకున్న క్రమం

వరంగల్ పరిసరాల్లో పత్తి నుంచి గింజను వేరుచేసే జిన్నింగ్ మిల్లును నడిపే మేనేజరుకు అక్టోబరులో సీజన్ మొదలైందంటే ఊపిరి సలపదు. ఎనుమాముల మార్కెట్ నుంచి వచ్చే లారీలు, పల్లెల నుంచి నేరుగా వచ్చే ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉంటాయి. మద్దతు ధర కొనుగోలులో తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుంది, 12 దాటితే పత్తి తీసుకోరు కాబట్టి, తేమ మీటరు పెట్టిన ప్రతి బండి దగ్గరా రైతుతో మాట పడుతూనే ఉంటుంది. ఇంత ఒత్తిడిలో పనిచేసేవాడు తన తీరు ఎదుటివారికి ఎలా కనిపిస్తున్నదో ఆగి చూసుకోవడం కష్టం. అందుకే నేను ఆ పనిని మిల్లు ఆగి ఉండే ఎండాకాలంలో మొదలుపెట్టాను.

మొదలుపెట్టడానికి కారణం కూడా ఉంది. ఒక సీజన్ చివర ఇద్దరు మంచి సూపర్‌వైజర్లు మమ్మల్ని వదిలి వేరే మిల్లుకు వెళ్లిపోయారు. ఇల్లు దగ్గరవుతుందని నాతో అన్నారు. మా యజమానితో మాత్రం, ఇక్కడ చెప్పుకోవడానికి చోటు లేదని అన్నారట. జీతం గురించో, పని గంటల గురించో అయితే నాకు ముందే తెలిసేది. ఒకే మనిషి నాకొక మాట, యజమానికొక మాట చెప్పాడంటే, నడుమ నా గురించి నాకు తెలియనిది ఏదో ఉన్నట్టే.

హనుమకొండలో జరిగిన ఒక శిక్షణ తరగతిలో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1955లో రూపొందించిన జొహారి కిటికీ గురించి చెప్పారు. మన గురించి మనకూ ఎదుటివారికీ తెలిసినది, మనకు మాత్రమే తెలిసినది, ఎదుటివారికి మాత్రమే తెలిసినది, ఎవరికీ తెలియనిది అని అందులో నాలుగు గడులుంటాయి. మూడో గడిలో ఉన్నది నేను ఎంతసేపు ఒంటరిగా కూర్చుని ఆలోచించినా నాకు దొరకదు, అడిగి తెలుసుకోవలసిందే. పరిశోధకురాలు టాషా యూరిక్ చెప్పిన లెక్క కూడా అక్కడే విన్నాను. తమను తాము బాగా ఎరుగుదుమని దాదాపు అందరూ నమ్ముతారు కానీ, ఆమె కొలమానం ప్రకారం నిజంగా అలా ఉన్నవారు 10 నుంచి 15 శాతమేనట. అధికారం పెరిగేకొద్దీ ఈ అంతరం కూడా పెరుగుతుందని ఆమె అంటారు. పై మెట్టు ఎక్కినవాడికి ఉన్నమాట చెప్పేవారు తగ్గిపోతారు కాబట్టి ఇది నాకు వెంటనే సబబుగా తోచింది.

అడగడం ఎలా అన్నదే అసలు చిక్కు. పెద్ద కంపెనీల్లో పై అధికారి, సాటివారు, కింద పనిచేసేవారు అందరూ కంప్యూటరులో పేరు చెప్పకుండా అభిప్రాయం రాసే పద్ధతి ఉంటుంది. మా మిల్లులో చేతిరాత చూడగానే మనిషెవరో తెలిసిపోతుంది, హమాలీల్లో చాలామంది రాయరు. పైగా మేనేజరే ఎదురుగా కూర్చుని నా లోపాలు చెప్పండి అంటే ఎవరైనా మంచిమాటే చెబుతారు. మిల్లుతో సంబంధం లేని, అందరూ గౌరవించే ఒక రిటైర్డ్ లెక్చరరును బతిమాలి ఒప్పించాను. ఆయన ఆఫీసు, యంత్రాలు, యార్డు అని మనుషులను గుంపులుగా విడదీసి, ఏ గుంపులోనూ ముగ్గురికి తగ్గకుండా చూసుకుని విడివిడిగా మాట్లాడారు. ఎవరేమన్నారో కాకుండా ఏమన్నారో మాత్రమే రాసిచ్చారు. అంతకుముందే అవే ప్రశ్నలకు నా జవాబులు నాతో రాయించి, కవరులో పెట్టి తన దగ్గర ఉంచుకున్నారు. ఈ పద్ధతిలో అన్నిటికన్నా విలువైనది ఆ కవరేనని నా అభిప్రాయం. ముందే రాసిపెట్టకపోతే, ఫలితం చూశాక ఇది నాకు ఎప్పుడో తెలుసులే అని మనసు సర్దిచెప్పుకుంటుంది.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎదుటివారి మాట వినడంలో నేను ముందుంటానని నేను రాసుకున్నాను, మూడు గుంపులూ దానికి విరుద్ధంగా చెప్పాయి. ఒకరి మాటను లెక్చరరు గారు యథాతథంగా దించారు: "సార్ సగం మాటకే అర్థమైందంటడు, మిగిలిన సగం మేం మింగేసుకుంటం." ఆ తొందర నేను బండ్లను తూచే వేబ్రిడ్జి దగ్గర గుమాస్తాగా ఉన్న కాలంలో అబ్బింది. వెనుక బండ్లు ఆగి ఉంటే చెప్పకముందే గ్రహించేవాడే అక్కడ పనిమంతుడు. మేనేజరు కుర్చీలోకి వచ్చాక అదే గుణం ఎదుటివాడి నోటికి తాళమవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఊహించని మంచి కూడా ఒకటి తేలింది. చివరి ట్రాక్టరు ఖాళీ అయ్యేదాకా నేను యార్డులోనే ఉండటం మా హమాలీలకు ధైర్యమట. నా దృష్టిలో అది వట్టి అలవాటు. దాన్ని ఎన్నటికీ మానకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

ఆ కాగితం చదివిన తర్వాత కొన్ని రాత్రులు నేనెందుకు ఇలా అన్న ప్రశ్న చుట్టూనే తిరిగాను. దాంతో ఒరిగేదేమీ లేదు, కారణాలు కల్పించుకోవడం తప్ప. ఎందుకు అని తవ్వుకోవడం మాని ఏం జరుగుతోంది, ఇప్పుడు ఏం చేయగలను అని ప్రశ్నించుకోమన్న యూరిక్ సలహా నాకు అక్కడ అక్కరకొచ్చింది. ఎవరి మాటకు అడ్డుపడ్డాను, అప్పుడు ఎక్కడున్నాను, గడియారం ఎంతైంది అని చిన్న నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. లోడింగుకు లారీ ఆగి ఉన్న సాయంత్రం వేళల్లోనే ఎక్కువగా జరుగుతోందని తేలింది. కాబట్టి ముఖ్యమైన మాటలన్నీ ఉదయం షిఫ్టు ముందుకు మార్చాను.

మరుసటి సీజన్‌లో ఒక ఉదయం మా పెద్ద ఫిట్టరు వచ్చి నాలుగో జిన్ను యంత్రం బేరింగు వేడెక్కుతున్నదన్నాడు. గ్రీజు పెట్టమనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని, ఇంకా చెప్పమన్నాను. "గ్రీజు మొన్ననే పెట్టిన సార్. బెడ్డు కింద బోల్టు వదులైంది, రోలరు ఒక దిక్కుకు ఒత్తుతున్నది, జెర సేపు ఆపితే సరిచేస్త" అన్నాడు. దూది ఎగిరే చోట వేడెక్కిన బేరింగు ఎంత ప్రమాదమో జిన్నింగులో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. అతని మాటలో నాకు కావలసినదంతా రెండో సగంలోనే ఉంది.

ఇంకొక పని, మేనేజ్‌మెంట్ మీద పుస్తకాలు రాసిన పీటర్ డ్రక్కర్ చెప్పిన పద్ధతి. ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడు ఏం జరుగుతుందని ఆశిస్తున్నామో రాసిపెట్టి, 9 నెలలకో 12 నెలలకో జరిగినదానితో పోల్చి చూడమంటారాయన. జిన్నింగుకు ఇది సరిగ్గా అతుకుతుంది, ఎందుకంటే సీజన్ నుంచి సీజన్‌కు ఏడాదే. పోల్చి చూస్తే యంత్రాల విషయంలోనూ, దూది దిగుబడి విషయంలోనూ నా అంచనాలు ఇంచుమించు సరిపోయాయి. మనుషుల విషయంలో మాత్రం గలగలా మాట్లాడేవారి మీద ఎక్కువ ఆశ, మాట తక్కువైనవారి మీద తక్కువ ఆశ పెట్టుకున్నట్టు వరుసగా కనిపించింది. అందుకే ఇప్పుడు ఎవరినైనా సూపర్‌వైజరుగా తీసుకునే ముందు వారితో మాట్లాడి సరిపెట్టకుండా, ఒక షిఫ్టంతా వారి పని చూస్తున్నాను.

ఇంతవరకు వచ్చినా యార్డులో చెత్త ఏరే మహిళలు ఏమనుకుంటున్నారో నాకు సరిగా చేరడం లేదు. లెక్చరరు గారి ఎదుట కూడా వారు పొడిపొడిగానే మాట్లాడారు. మగవారి ముందు, అందులోనూ చదువుకున్న సార్ల ముందు నోరు విప్పరని వారిలో పెద్దావిడే నాతో అన్నది. ఈ ఎండాకాలం వారితో మాట్లాడే పనిని ఒక మహిళా టీచరుకు అప్పగించాను. ఏయే ప్రశ్నలు అడగాలో ఆ పెద్దావిడతోనే చెప్పించుకుని జాబితా తయారుచేస్తున్నాం. ఈసారి కూడా నా జవాబులను ముందే రాసి కవరులో పెట్టి ఇచ్చాను.