వెడ్‌వారెండె: ఆగకుండా నిలిచేది

డేనిష్ భాషలో 'వెడ్‌వారెండె' అనే మాట ఉంది. ఉచ్చారణలో మెత్తబడే దీనిని ఇక్కడ అక్షరాలను బట్టి రాస్తున్నాను. 'వారె' అంటే కాలంలో నిలవడం, కొనసాగడం. అది మధ్యయుగాల ఉత్తర జర్మన్ వర్తకుల భాష నుంచి వచ్చింది. దానికి ముందు 'వెడ్' చేరితే, మొదలైనది ఆగకుండా సాగుతూనే ఉందన్న అర్థం వస్తుంది. మాటల్లో ఈ రెండు ముక్కలను విడదీసి 'వారె వెడ్' అంటారు. కలిపి రాసిన రూపానికి కార్యాలయ భాష గాంభీర్యం ఉంటుంది. చెట్టు కలపను కూడా 'వెడ్' అనే అంటారు గాని, ఆ మాటకు దీనితో సంబంధం లేదు.

తగ్గని నొప్పి గురించి వైద్యులు ఈ మాట వాడతారు, ఏళ్ల తరబడి దున్నకుండా వదిలిన పచ్చికకూ ఇదే విశేషణం. అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 'వెడ్‌వారెండె ఎనర్గి' అనే పదబంధం. గాలి, ఎండల నుంచి వచ్చే శక్తిని స్వీడన్, నార్వేలలో 'మళ్లీ కొత్తదయ్యేది' అనే అర్థమిచ్చే మాటతో పిలుస్తుండగా, డెన్మార్క్ మాత్రం 2008లో చేసిన ప్రోత్సాహక చట్టం పేరులో కూడా 'నిలిచి సాగేది' అన్న మాటనే ఉంచింది. మన 'పునరుత్పాదక శక్తి' స్వీడన్, నార్వేల మాటల కోవలోనిది. గాలిని ఎవరూ తిరిగి ఉత్పత్తి చేయరు, అది వీస్తూనే ఉంటుంది. అందుకే 'తరగని శక్తి' అన్న తెలుగు మాట డేనిష్ భావానికి దగ్గరగా ఉంటుందని నా నమ్మకం.