నక్షాలో తుమ్మల కుంట

పొలం హద్దు గొడవ తేల్చుకుందామని మా ఊరి పాత నక్షా జిరాక్స్ తెచ్చారు నాన్న. హద్దులు చూడాల్సింది పోయి, నేను చెరువుల దగ్గరే ఆగిపోయా. ఊర చెరువుకి కట్ట వైపు విల్లులా వంగిన గీత. నీళ్లొచ్చే వైపు మాత్రం నలిగిన గుడ్డ అంచులా అన్నీ వంకరలే. మనుషులు కట్టింది ఆ ఒక్క కట్టే కదా, మిగతాదంతా నేల వాలు గీసిన బొమ్మ.

హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి మాసబ్ ట్యాంక్‌లో బస్సెక్కాను. అది 'మా సాహెబా' చెరువని, కుతుబ్‌షాహీల కాలపు రాణి హయత్ బక్షీ బేగం పేరని తెలిసేసరికి నా చదువే అయిపోయింది. 1908 మూసీ వరద తర్వాత, 1912-15 మధ్య లియోనార్డ్ మన్ చేసిన నగర సర్వే పటాల్లో ఇళ్లూ బావులూ కూడా ఉంటాయి. గంటలకు గంటలు చూస్తుంటా, అదో పిచ్చి.

మా నక్షాలో ఓ మూల సన్నటి అక్షరాల్లో 'తుమ్మల కుంట' అని ఉంది. అదెక్కడా అనడిగితే నాన్న వేలు పెట్టి చూపించారు. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాల్. అక్క పెళ్లి అందులోనే చేశాం. గంట వానకే భోజనాల దగ్గర పిక్కల్లోతు నీళ్లు!