తలుపు మీద అంటించిన కాగితం

పోయిన నెల ఒక శనివారం పొద్దున. సింగపూర్‌లో ఆంగ్ మో కియో అనే పేటలో, పాత హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) బ్లాకు ఆరో అంతస్తులో పని చేయిస్తున్నాను. బాత్రూమ్‌లో పాత టైల్సు, వాటి కింది సిమెంటు శుక్రవారం సాయంత్రానికే పీకేశాం. నహానీ ట్రాప్, అంటే నేల మీది నీళ్ళు పోయే జాలీ గొట్టం, పక్కన ఒక మూల జానెడు ముక్క మాత్రం మిగిలిపోయింది. సోమవారం వాటర్‌ప్రూఫింగ్ వాళ్ళు వస్తారు. ఈ జానెడు ముక్క కోసం వాళ్ళ పని ఆగడం ఎందుకని, బ్రేకర్ (సిమెంటు పగలగొట్టే మిషను) పెట్టి కొట్టెయ్యమని కుర్రాడికి చెప్పింది నేనే.

ఐదు నిమిషాలు కూడా కాలేదు, గుమ్మంలో ఒక చైనీస్ పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటాయి. మెట్లెక్కి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. అరవలేదు. తలుపుకు మేం అంటించిన నోటీసులో, చప్పుడు ఉండే రోజులు రాసిన వరస మీద వేలు పెట్టి, చివరిదాకా జరిపి, వచ్చిన కాస్త ఇంగ్లీషులో అడిగింది. "ఇది రాసింది నువ్వే కదా?"

బ్రేకర్ ఆపించాను. సారీ ఆంటీ, ఇంక రెండు నిమిషాల పనే అన్నాను. ఆవిడ మళ్ళీ అదే మాట అంది. "రాసింది నువ్వే కదా."

ఆ రోజంతా ఆ మాట వదల్లేదు. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఇంటివాళ్ళ తిట్లు కొత్త కాదు.

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. సింగపూర్‌లో పదిమందిలో ఎనిమిది మంది దాకా ఉండేది హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లలోనే. సొంత ఫ్లాటే అయినా బాత్రూమ్ టైల్సు పీకాలంటే పర్మిట్ కావాలి. గోడ తీయాలన్నా అంతే, అది బరువు మోసే గోడైతే అసలు ముట్టుకోనివ్వరు. పని కూడా హెచ్‌డీబీ లిస్టులో పేరున్న కాంట్రాక్టరే చెయ్యాలి. పాత ఫ్లాటైతే పర్మిట్ వచ్చిన రోజు నుంచి నెల రోజుల్లో ముగించాలి. మామూలు పనులకు సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు టైముంది. గోడలు కొట్టడం, టైల్సు పీకడం లాంటి చప్పుడు పనులకు మాత్రం శనివారం కూడా లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా తొమ్మిదింటి నుంచి ఐదింటి వరకే. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఏ రోజుల్లో చప్పుడు ఉంటుందో రాసి చుట్టుపక్కల ఇళ్ళకు ముందే చెప్పాలి. నోటీసు తలుపుకు అంటించాలి. ఇన్నేళ్ళలో అలాంటివి వందల కాగితాలు అంటించాను. అంటించడం నా పనుల్లో ఒకటి, అంతే. ఆ కాగితాన్ని ఒకరు చదువుతారని, చదివి దాన్నిబట్టి తమ రోజులు సర్దుకుంటారని ఎప్పుడూ అనుకోలేదు.

ఆవిడ సర్దుకుంది. వాళ్ళాయన పక్షవాతంతో మంచంలో ఉన్నాడట. నోటీసు చూసి, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన్ని ఈషున్‌లో కూతురింటికి తరలించింది. చక్రాల కుర్చీ, మందులు, డైపర్లు, అన్నీ మోసుకుని. శనివారం చప్పుడు ఉండదని శుక్రవారం రాత్రి వెనక్కి తెచ్చుకుంది. శనివారం పొద్దున సరిగ్గా ఆయన నెత్తిమీద మా బ్రేకర్ మోగింది. ఈ సంగతి ఆ సాయంత్రం ఎదురింటాయన చెప్పాడు. ఆవిడ నాతో చెప్పలేదు.

రాత్రి మా నాన్నకు ఫోన్ చేశాను. నాన్న తణుకులో తాపీ మేస్త్రీ. నలభై ఏళ్ళు పని చేసి, మోకాళ్ళు అరిగి మానేశాడు. సంగతంతా విని, "శనివారం కూడా కొట్టకూడదంటే కూలోళ్ళు ఏం తిని బతుకుతార్రా?" అన్నాడు. నాకూ మొదట్లో అలాగే అనిపించేది. మన దగ్గర ఇల్లు కడుతుంటే పక్కింటివాళ్ళకు అది సొంత పనిలాగే ఉంటుంది. చప్పుడైందని ఎవరూ రారు. వస్తే గుమ్మం ఎత్తు చాలదనో, మెట్లు బేసి సంఖ్యలో రాలేదనో చెప్పడానికి వస్తారు. టీలు కూడా వాళ్ళింటి నుంచే వస్తాయి. ఇక్కడ ఏ ఇంట్లో నెల రోజులు పని చేసినా పక్క తలుపు వెనక ఎవరున్నారో తెలియదు. లిఫ్టులో తల ఊపుతారు, అంతే. కాగితం మీద తప్ప మాటల్లేని ఊరని చాలాసార్లు విసుక్కున్నాను. ఆ విసుగు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కానీ ఆ రాత్రి నాన్నతో మాట్లాడుతుంటేనే ఇంకొకటి గుర్తొచ్చింది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న ఒక పంతులుగారి ఇంటి పక్క డాబా మీద పైగది కట్టాడు. పంతులుగారి అమ్మాయికి పదో తరగతి పరీక్షలు. నాన్న ఆ పది రోజులూ రాయి కొట్టే పని పెట్టుకోలేదు. మధ్యాహ్నం ఆ పిల్ల పరీక్ష రాసి వచ్చి భోంచేసి పడుకునే వేళకు ఇసక జల్లించడం, కట్టిన గోడలు తడపడం లాంటివి చేయించేవాడు. ఎవరూ అడగలేదు, ఏ కాగితమూ లేదు. ఇంటాయన పని సాగట్లేదని గొణిగితే, "చదువుకునే పిల్లండీ" అన్నాడట. ఇదంతా గుర్తుచేస్తే నాన్న, "అది పక్కనే కనపడతా ఉండేది కదరా" అన్నాడు.

ఇక్కడ కనపడదు. కాలి కింద ఆరు అంగుళాల కాంక్రీటు, దాని కింద ఒక మనిషి మంచం. మన దగ్గర మేడమీద నుంచి తొంగిచూస్తే తెలిసేది, ఇక్కడ ఆ కాగితం చెప్పాలి. మనవాళ్ళకు పక్కవాడి పట్టింపు లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. మా నాన్న పట్టింపుకు కన్ను చాలు, నా పట్టింపుకు కాగితం కావాలి. ఆ కాగితం మీద రాసిన మాటను జానెడు సిమెంటు కోసం తప్పాను. నాన్న ఆ పది రోజులు కూలీ పోగొట్టుకున్నాడు. నేను ఒక పూట పోగొట్టుకోలేకపోయాను.

సోమవారం పొద్దున తొమ్మిది దాటాక మిగిలిన ముక్క తీయించాను. మంగళ, బుధవారాల్లో వాటర్‌ప్రూఫింగ్ పొరలు వేశారు. గురువారం నహానీ ట్రాప్‌కు మూత బిగించి, గుమ్మం దగ్గర చిన్న అడ్డుకట్ట కట్టి, నేలంతా నీళ్ళు నింపాం. ఆ నీళ్ళు 24 గంటలు అలాగే ఉండాలి. కింద కారిందో లేదో తెలియాలంటే కింది ఇంటి బాత్రూమ్ సీలింగు చూడాలి. అంటే ఆవిడ ఇంటికి వెళ్ళాలి.

తలుపు కొట్టడానికి ముందు రెండుసార్లు వెనక్కి తిరిగాను. బూట్లు బయట విప్పి, నీళ్ళు పెట్టాం, సీలింగు చూడాలి ఆంటీ అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా తలుపు తీసింది. ముందుగదిలోనే మంచం. పెద్దాయన ఒక పక్కకు తిరిగి నిద్రపోతున్నాడు, దిండు పక్కన చిన్న రేడియో సన్నగా మోగుతోంది. ఆవిడ పెదవుల మీద వేలు పెట్టింది. మునివేళ్ళ మీద నడిచి బాత్రూమ్‌లోకి వెళ్ళాను. అడక్కుండానే టార్చి, ఎక్కడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చిచ్చింది. పైపు సీలింగులోంచి దిగే చోట చుట్టూ చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. పాత సున్నం పెచ్చు ఒకటి రాలి నా మోచేతి మీద పడితే ఆవిడే తన చేత్తో దులిపింది.

శనివారం సంగతికి క్షమాపణ చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ చెయ్యి అడ్డం ఊపి, "ఇరవై నాలుగు గంటలా? రాత్రి కూడా చూడాలి కదా, నువ్వెలా వస్తావు?" అంది. ఫోన్ నంబరు రాయించుకుంది.

రాత్రి పదింటికి మెసేజ్ వచ్చింది. టార్చి వెలుగులో తీసిన సీలింగు ఫోటో, కింద "డ్రై" అని ఒక్క మాట. పొద్దున ఆరింటికి ఇంకొకటి, అదే మూల, అదే మాట. రెండూ నాన్నకు పంపాను. నాన్న పెద్దవి చేసుకుని చాలాసేపు చూసినట్టున్నాడు, అరగంట తర్వాత ఫోన్ చేసి, "పైపు చుట్టూ బాగానే ఉంది. అయినా ఇంకో పూట ఉంచరా నీళ్ళు, ఆవిణ్ణి అడిగి" అన్నాడు.