పార్కు గేటు దగ్గర హార్ట్

ఆదివారం. రేపు లా కాలేజీలో ఫస్ట్ అవర్ నేను జూరిస్ప్రుడెన్స్ క్లాసు చెప్పాలి. అంటే చట్టం వెనకున్న ఫిలాసఫీ. నోట్సు రాసుకుందామని కూర్చుంటే, మావాడు రిమోట్ కారు పట్టుకుని పార్కుకి పదమని ఒకటే గొడవ. సరే పద అన్నాను. బెంగళూరు జయనగర్‌లో మా ఇంటి వెనకే పార్కు. గేటు మీద ‘వాహనగళిగె ప్రవేశవిల్ల’ అని కన్నడ బోర్డు, వాహనాలకి ప్రవేశం లేదని.

వాచ్‌మన్ కారుని చూశాడు, నన్ను చూశాడు. “బండి లోపలికి లేదు మేడమ్,” అన్నాడు తెలుగులోనే. మదనపల్లె వైపు మనిషి.

నాకు నవ్వాగలేదు. రేపటి పాఠం ఇదే మరి! ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ హెచ్.ఎల్.ఎ. హార్ట్ 1958లో అడిగాడు: పార్కులోకి వాహనాలు తేకూడదంటే మోటారు కారు కుదరదు, అందులో అనుమానం లేదు. మరి సైకిలు? స్కేట్లు? పిల్లల బొమ్మ కారు? మాటకి నడుమ అర్థం గట్టిగానే ఉంటుంది, అంచుల్లోనే మసక. అక్కడ జడ్జి తనే తేల్చుకోవాలి. హార్వర్డ్‌లో లా ప్రొఫెసర్ ఫుల్లర్ ఊరుకున్నాడా? యుద్ధంలో వాడిన లారీని స్మారకంగా పార్కులో దిమ్మె మీద నిలబెడితే ఏమంటారన్నాడు. ఒట్టి మాట కాదు, రూలు ఎందుకు పెట్టారో చూడాలని ఆయన వాదన.

ఇంతలో ఒకాయన వాళ్లమ్మని వీల్‌చైర్‌లో తోసుకుంటూ లోపలికి వెళ్లాడు. “దానికీ చక్రాలున్నాయి కదయ్యా,” అన్నాను. లాయరు బుద్ధి ఎక్కడికి పోతుంది!

“అది సౌండు చెయ్యదు మేడమ్. ఇది పెద్దోళ్ల కాళ్ల మీదికి పోతుంది.”

తీర్పు వచ్చేసింది, కారణాలతో సహా.

సాయంత్రం నోట్సు పక్కన పెట్టి హార్ట్ జీవితం తిరగేశాను. కాలేజీలో ఆయన లా చదవనే లేదు. గ్రీకు, లాటిన్, ఫిలాసఫీ. తర్వాత ఎనిమిదేళ్లు లండన్‌లో ప్రాక్టీసు, యుద్ధకాలంలో నిఘా విభాగం. 1945లో ఫిలాసఫీ చెప్పడానికి ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, 1952లో జూరిస్ప్రుడెన్స్ ప్రొఫెసర్ అయ్యాడు. అప్పటికి దాదాపు 45 ఏళ్లు. ఇప్పుడు నాకూ అంతే. సివిల్ కోర్టులో పదకొండేళ్లు వాయిదాలు తిరిగి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. స్టాఫ్ రూంలో ఇప్పటికీ చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుంది. ఆయనకీ ఆ టెన్షన్ తప్పలేదు. తన తెలివి మీద తనకే అనుమానమని డైరీల్లో రాసుకున్నాడు. ‘ది కాన్సెప్ట్ ఆఫ్ లా’ లాంటి పేరుమోసిన పుస్తకం రాసిన మనిషి! అది చదివాక నా భయం తగ్గలేదు గానీ, తోడు దొరికినట్టయింది.

కారు సంగతి రాయనే లేదు. వాచ్‌మన్ దగ్గరే వదిలి లోపలికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి ఆయన రిమోట్ పట్టుకుని నొక్కుతున్నాడు. గేటు బయట, ఫుట్‌పాత్ మీదే.