బొనేర్‌లో ఒడ్డు నుంచి డైవింగ్

కరీబియన్ దీవి బొనేర్‌లో స్కూబా డైవింగ్‌కు పడవ అక్కర్లేదు, పికప్ ట్రక్ చాలు. పడమటి తీరం రోడ్డు పక్కన డైవ్ చోట్ల పేర్లు రాసిన పసుపు రాళ్లే గుర్తులు. ట్రక్‌లో ఫోన్, పర్సు లాంటివి ఉంచొద్దు. అద్దాలు దించి వదిలేయడమే మేలు, పగలగొట్టే పని దొంగకు తప్పుతుంది.

అసలు తంటా నీళ్లలోకి దిగేటప్పుడే. అడుగున విరిగిన పగడం జారుతుంది, గుంటల్లో ముళ్లుండే సీ అర్చిన్‌లు ఉంటాయి. అందుకే అడుగు గట్టిగా ఉన్న బూటీలు (డైవింగ్ బూట్లు), మడమ పట్టీ ఉన్న ఫిన్‌లు (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) తీసుకోండి. ఫిన్‌లు చేతిలో పట్టుకుని, బీసీడీలో (తేలడానికి వేసుకునే జాకెట్) గాలి నింపి, గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నడవండి. నడుము లోతుకు వచ్చాకే ఫిన్‌లు తొడగాలి.

గ్లవ్స్ నిషేధం. ముందు ప్రవాహానికి ఎదురీదండి, తిరుగు ప్రయాణం తేలికవుతుంది. రోజూ డైవ్ చేసినవాళ్లు విమానానికి ముందు కనీసం 18 గంటలు ఆగాలి.