తలకు దెబ్బ: మనిషి దక్కాక ఏంటి?

గుంటూరు కొత్తపేటలో అయినా, విజయవాడ సూర్యారావుపేటలో అయినా, ఐసీయూ బయట కూర్చున్నవాళ్లు డాక్టరుని అడిగేది ఒకటే: "మనిషి దక్కుతాడా సార్?" మా పిన్ని కొడుకు హైవే మీద బండి మీంచి పడ్డప్పుడు మేమూ అదే అడిగాం. ఆ టెన్షన్‌లో ఇంకేం తోస్తుంది?

మెదడు వాచి లోపల ప్రెషర్ పెరిగి, మందులకి తగ్గకపోతే, పుర్రె ఎముక ఒక ముక్క తీసేసి మెదడుకి చోటిస్తారు. ఆ ముక్కని చాలాచోట్ల పొట్ట చర్మం కింద దాచి, వాపు తగ్గాక మళ్లీ పెడతారు. మా పిన్ని ఈ మాట వినగానే కూలబడిపోయింది.

ఈ ఆపరేషన్ మీద 2016లో రెస్క్యూ ఐసీపీ అనే పెద్ద ట్రయల్ (మందులతోనే చూసినవాళ్లని, ఆపరేషన్ చేసినవాళ్లని పోల్చిన పరిశోధన) ఫలితాలు వచ్చాయి, 400 మందికి పైగా పేషెంట్లతో. ఆరు నెలల్లో చనిపోయినవాళ్లు మందులతోనే చూసినవాళ్లలో 48.9 శాతం, ఆపరేషన్ చేసినవాళ్లలో 26.9 శాతం. ఇక్కడితో ఆపేస్తే అద్భుతమే. కానీ స్పృహ రాకుండా మంచంలోనే ఉండిపోయినవాళ్లు మందుల వైపు 2.1 శాతం అయితే, ఆపరేషన్ వైపు 8.5 శాతం. అంటే ప్రాణం దక్కినవాళ్లంతా లేచి తిరగలేదు, కొందరికి మిగిలింది ఆ మంచమే.

ఇంకో తిరకాసు ఉంది. ఆ ట్రయల్లో "మంచి ఫలితం" కింద లెక్కేసింది కనీసం ఇంట్లో తన పనులు తాను చేసుకోగలిగినవాళ్లని, బయటికి వెళ్లాలంటే ఒకరి సాయం కావాల్సి వచ్చినా సరే. మామూలుగా అయితే ఇలాంటివాళ్లని తీవ్ర వైకల్యం లెక్కలో వేస్తారు. నన్నడిగితే ఆ ట్రయల్ వీళ్లని మంచి ఫలితంలో లెక్కేయడం న్యాయమే, రోజంతా పక్కన మనిషి ఉండక్కర్లేదంటే ఆ ఇంటికి అదెంత ఊరటో చూసినవాళ్లకి తెలుసు. ఆపరేషన్ అయినవాళ్లలో ఈ స్థాయికి చేరినవాళ్లు ఆరు నెలలకి 42.8 శాతం, ఏడాదికి 45.4 శాతం. ఆరు నెలల తర్వాత కూడా కోలుకునేవాళ్లు ఉంటారన్నమాట, "ఇక ఇంతేలే" అని ఫిజియోథెరపీ మానిపించే చుట్టాలకి ఈ అంకె చూపించండి.

సంతకం పెట్టమన్నప్పుడు మాత్రం రెండో ప్రశ్న కూడా అడగండి: "బతికితే ఎలా ఉంటాడు, తన పని తాను చేసుకోగలడా?" వయసు, స్కాన్, కంటిపాపలు వెలుగుకి స్పందిస్తున్నాయా లేదా, ఇవన్నీ చూసి డాక్టరు కొంతవరకైనా చెప్పగలరు.